పండ్ల ఈగ పేగులో సూక్ష్మజీవులు దాని ఆయుష్షును పెంచుతాయా, తగ్గిస్తాయా? కాలేజీ ల్యాబులో చేసి చూసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

జిజ్ఞాస (డిగ్రీ కాలేజీ పిల్లలు చేసే స్టడీ ప్రాజెక్టుల పోటీ) ప్రాజెక్టులకు అంశాలు ఎంచుకునే రోజులొస్తే చాలు, జువాలజీ, మైక్రోబయాలజీ పిల్లల నుంచి నాకు ఒకటే ప్రశ్న. "సార్, ఈగలకు యాంటీబయాటిక్ పెట్టి ఎన్ని రోజులు బతికాయో లెక్కేస్తే సరిపోతుంది కదా?"

సరిపోదు. ఎందుకు సరిపోదో, దానికి బదులు ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను. నల్లగొండ, పాలమూరు వైపు మామూలు డిగ్రీ కాలేజీ ల్యాబులో ఉండే సామానుతోనే చేయొచ్చు. కావలసింది నాలుగు నెలల ఓపిక, పండుగ సెలవుల్లో కూడా ల్యాబుకు రాగల ఇద్దరు పిల్లలు.

1. ముందు ప్రశ్న సరిచేసుకోండి

"సూక్ష్మజీవులు ఈగకు మంచివా, చెడ్డవా?" అని అడిగితే జవాబు రాదు. 2004లో వచ్చిన ఒక పరిశోధన, పెద్ద ఈగగా మారిన మొదటి వారంలో సూక్ష్మజీవులుంటే ఆయుష్షు పెరుగుతుందని చెప్పింది. 2007లో మరో బృందం అసలు తేడా లేదంది. ఆ తర్వాత వచ్చిన కొన్నింట్లో సూక్ష్మజీవులు లేని ఈగలే ఎక్కువ కాలం బతికాయి.

వాళ్లెవరూ అబద్ధమాడలేదు. తేడా చాలావరకు తిండిలో ఉంది. ఈస్ట్ తక్కువగా ఉన్న పేద తిండి మీద సూక్ష్మజీవులు ఈగకు మాంసకృత్తులు, విటమిన్లు అందించి ఆదుకుంటాయి. తిండి పుష్టిగా ఉంటే ఆ సాయంతో పని లేదు. ముసలితనంలో పేగు గోడ బలహీనపడ్డాక అవే సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి బరువవుతాయి.

అందుకే మీ ప్రశ్న ఇలా ఉండాలి: పుష్టి తిండి మీద ఏమవుతుంది, పేద తిండి మీద ఏమవుతుంది? అంటే రెండు గుంపులు చాలవు, నాలుగు కావాలి. దీన్ని ఒప్పుకోకపోతే మిగతాది చదవడం దండగ.

2. ఎప్పుడు మొదలుపెట్టాలి

పండ్ల ఈగ, అంటే డ్రోసోఫిలా మెలనోగాస్టర్, 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్ద ఈగ కావడానికి సుమారు 10 రోజులు తీసుకుంటుంది. ఆ తర్వాత రెండు, రెండున్నర నెలలు బతుకుతుంది. 30 డిగ్రీలు దాటితే మగ ఈగలు గొడ్డుబోతాయి.

మన దగ్గర చలికాలం రాత్రి పెట్టెను వెచ్చగా ఉంచడం తేలిక. ఎండాకాలం చల్లగా ఉంచడమే కష్టం. కాబట్టి సెప్టెంబరులో ఈగలు పట్టండి, అక్టోబరు చివర గుడ్లు తీయండి. సంక్రాంతి దాటాక లెక్క ముగింపుకొస్తుంది.

మేము ఒక ఏడాది ఫిబ్రవరిలో మొదలుపెట్టాం. మార్చి మూడో వారంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. సాయంత్రం తలుపు తీసేసరికి ట్యూబుల్లో సగం ఈగలు వెల్లకిలా పడున్నాయి. మిగతావి గుడ్లు పెట్టాయి గానీ ఒక్కటీ పొదగలేదు. ఆ ఏడాది రిపోర్టులో "ఉష్ణోగ్రత ప్రభావం" అని శీర్షిక మార్చి గట్టెక్కారు మా పిల్లలు. మీకు ఆ తిప్పలు వద్దు.

థర్మోకోల్ పెట్టె, చిన్న బల్బు, కోడిగుడ్లు పొదిగే పెట్టెల్లో వాడే థర్మోస్టాట్ ఉంటే చాలు. భవనంలో ఎండ తగలని లోపలి గదిలో పెట్టండి. 25కు దగ్గరగా, రెండు డిగ్రీలకు మించి ఊగకుండా చూడండి. లోపల ఒక గిన్నెలో నీళ్లు ఉంచండి, గాలి పొడిబారితే తిండి ఎండి గాజు నుంచి విడిపోతుంది. ఆ సందులో ఈగలు ఇరుక్కుని చస్తాయి.

3. సామాను

- చేతివేలు దూరేంత వెడల్పున్న గాజు ట్యూబులు, కనీసం 150
- శుభ్రమైన దూది, సిల్వర్ ఫాయిల్
- పెద్ద ప్రెషర్ కుక్కర్ (ఆటోక్లేవ్ ఉంటే మరీ మంచిది)
- మక్కపిండి, చక్కెర, బేకరీ ఈస్ట్, అగర్ పొడి, మిథైల్ పారాబెన్
- సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, కొత్త సీసా
- 70 శాతం ఆల్కహాల్, స్పిరిట్ దీపం
- సన్న పెయింటింగ్ బ్రష్‌లు, చాయ్ జాలి, పల్చటి నైలాన్ గుడ్డ
- డిసెక్షన్ మైక్రోస్కోప్ లేదా మంచి భూతద్దం
- ఐసు

బెల్లం వద్దు. ఒక అచ్చుకూ ఇంకో అచ్చుకూ పొంతన ఉండదు. ఊళ్లో నీళ్లు చల్లడానికి వాడే బ్లీచింగ్ పౌడర్ కూడా వద్దు, సున్నం తెట్టు గుడ్లకు అంటుకుంటుంది.

4. ఈగలు పట్టడం

మైసూరు విశ్వవిద్యాలయంలోని డ్రోసోఫిలా స్టాక్ సెంటర్ నుంచి తెప్పించుకుంటే జాతి గురించి అనుమానం ఉండదు. ఒరెగాన్-ఆర్, కాంటన్-ఎస్ లాంటి పేరున్న రకాలు అడగండి.

మన ఊరి ఈగలతోనే చేయాలనుకుంటే అదీ బాగుంటుంది. అడవి ఈగల పేగులో సూక్ష్మజీవులు గట్టిగా కాపురం పెడతాయి. ఏళ్ల తరబడి ల్యాబులో పెరిగిన ఈగల్లో చాలావరకు తిండితో వచ్చి తిండితో పోతుంటాయి.

కల్లు అమ్మే చోట ఖాళీ లొట్టి పక్కన, బత్తాయి మార్కెట్లో పారబోసిన కాయల దగ్గర, సీజన్లో మెత్తబడ్డ సీతాఫలం మీద ఇవి ముసురుతాయి. సీసాలో మగ్గిన అరటిపండు ముక్క వేసి, మూతి దగ్గర కాగితం గరాటు పెట్టి, పొద్దున ఒక గంట వదిలేయండి. మధ్యాహ్నం ఎండలో పోతే ఒక్కటీ దొరకదు.

పట్టినవన్నీ మెలనోగాస్టర్ కావు. వీపు మీద తెల్లటి నిలువు చారలుంటే అది జాప్రియోనస్, పారేయండి. లేత గోధుమరంగులో ఉండి, మగదానికి తోక నలుపు లేకపోతే డ్రోసోఫిలా అనానసే కావచ్చు. మెలనోగాస్టర్ మగ ఈగకు పొట్ట చివర గుండ్రంగా నల్లగా ఉంటుంది, ముందు కాళ్ల మీద చిన్న నల్ల దువ్వెన కనిపిస్తుంది.

ఒక్కో ఆడ ఈగను ఒక్కో ట్యూబులో వేయండి. దాని పిల్లల్లో మగవాటిని చూసి జాతి తేల్చుకోండి. రెండు తరాలు ల్యాబు తిండి మీద పెంచాకే ప్రయోగానికి వాడండి. పట్టిన రోజే మొదలుపెడితే ఆకలితో ఉన్న తల్లి, కడుపునిండిన తల్లి కలిసిపోతాయి, ఆ తేడా పిల్లల్లోకి దిగుతుంది. ఈ రెండు తరాల్లో నల్లి కనిపించిన ట్యూబును కనికరం లేకుండా వేడినీళ్లలో వేయండి.

5. తిండి వండటం

లీటరు నీళ్లకు:

- మక్కపిండి 80 గ్రాములు
- చక్కెర 40 గ్రాములు
- అగర్ 8 గ్రాములు
- ఈస్ట్: పుష్టి తిండికి 50 గ్రాములు, పేద తిండికి 8 గ్రాములు
- మిథైల్ పారాబెన్ 1 గ్రాము, 10 మి.లీ. ఆల్కహాల్‌లో కరిగించి

మామూలుగా ఈగల తిండిలో ప్రొపియోనిక్ ఆమ్లం కూడా పోస్తారు. ఇక్కడ పోయొద్దు. అది సూక్ష్మజీవుల్ని అణచడానికి వేసేది. సూక్ష్మజీవుల మీద ప్రయోగం చేస్తూ అది పోస్తే, సమాధానాన్ని మీ చేత్తోనే చెరిపేసినట్టు. పారాబెన్ కూడా బూజు రాకుండా మాత్రమే. అన్ని గుంపులకూ ఒకే కొలత.

పిండి బాగా ఉడికి చిక్కబడ్డాకే మంట కట్టేసి పారాబెన్ కలపండి. పలచగా ఉన్నప్పుడు ట్యూబుల్లో పోస్తే పిండి అడుగుకు దిగి పైన అగర్ మిగులుతుంది. ఒక్కో ట్యూబుకు 8 మి.లీ., దూది మూత, దాని మీద ఫాయిల్.

కుక్కర్లో రెండు అంగుళాల నీళ్లు పోసి ట్యూబులు నిలువుగా పెట్టండి. మొదటి విజిల్ తర్వాత సన్న మంట మీద 30 నిమిషాలు. విజిళ్లు లెక్కపెట్టొద్దు, గడియారం చూడండి. తర్వాత కుక్కర్ దానంతటదే చల్లారాలి. తొందరపడి ఆవిరి వదిలితే తిండి పొంగి దూది తడుస్తుంది. తడిసిన దూది గుండా బయటి సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. మా దగ్గర చెడిపోయిన ట్యూబుల్లో ఎక్కువ భాగం ఇలా పోయినవే.

ఇంకో మాట. ఇంత వేడికి తిండిలోని థయమిన్ విటమిన్ కొంత నశిస్తుంది. పేగులోని ఎసిటోబాక్టర్ దాన్ని తయారుచేసి ఈగకు ఇవ్వగలదని 2018లో తేలింది. కాబట్టి పేద తిండి మీద సూక్ష్మజీవులు లేని ఈగలు త్వరగా పోతే ఇది కూడా ఒక కారణమై ఉండొచ్చని రిపోర్టులో రాయండి. ప్రాజెక్టును పరీక్షించడానికి వచ్చినవాళ్లు అడిగేది ఇదే.

6. గుడ్డు పొట్టు తీయడం

మొత్తం ప్రయోగం ఇక్కడే నిలుస్తుంది, లేదంటే ఇక్కడే పడిపోతుంది.

ఈగ పేగులోకి సూక్ష్మజీవులు తల్లి కడుపు నుంచి రావు. గుడ్డు పెట్టేటప్పుడు పొట్టు మీద అంటుతాయి, పిల్ల బయటికొచ్చి ఆ పొట్టునూ చుట్టూ ఉన్న తిండినీ తింటుంది. పొట్టు తీసి గుడ్డును కడిగేస్తే లోపలి పిల్ల శుభ్రంగా ఉంటుంది. యాంటీబయాటిక్ అక్కర్లేదు. టెట్రాసైక్లిన్ లాంటివి ఈగ కణాల్లోని మైటోకాండ్రియాను కూడా దెబ్బతీస్తాయి. అప్పుడు ఆయుష్షు మారింది మందు వల్లనా, సూక్ష్మజీవులు పోయినందువల్లనా ఎవరూ చెప్పలేరు.

గుడ్లు సేకరించడానికి బత్తాయి రసం కలిపిన అగర్ పళ్లెం వాడండి. ఈ ఈగలు గుడ్లు పెట్టడానికి నిమ్మజాతి పండ్లనే కోరుకుంటాయని 2013లో తేలింది. బత్తాయి మన నల్లగొండ వైపు దొరికినంత ఎక్కడ దొరుకుతుంది! పళ్లెం మధ్యలో చిటికెడు తడి ఈస్ట్ పూసి, సాయంత్రం 200 ఈగలున్న సీసా మూతికి బోర్లించి చీకట్లో ఉంచండి. తెల్లారి తీయండి. 25 డిగ్రీల దగ్గర గుడ్డు ఒక్క రోజులో పొదుగుతుంది, ఆలస్యం చేస్తే పళ్లెం నిండా లార్వాలే.

ఇప్పుడు పని:

1. బల్లను ఆల్కహాల్‌తో తుడవండి. అది పూర్తిగా ఆరాకే దీపం వెలిగించండి, ఆల్కహాల్ సీసాను దూరంగా పెట్టండి. ఫ్యాన్ ఆపేయండి.
2. పళ్లెం మీద నీళ్లు పోసి, మెత్తటి బ్రష్‌తో గుడ్లను కదిపి, నైలాన్ గుడ్డ పరిచిన చాయ్ జాలిలోకి వంపండి. ఈస్ట్ ముద్ద పోయే దాకా కడగండి.
3. హైపోక్లోరైట్ ద్రావణానికి సమానంగా నీళ్లు కలిపి, జాలిని అందులో ముంచి మెల్లగా కదుపుతూ ఉండండి. కిటికీ తెరిచి పెట్టుకోండి. దగ్గర్లో ఏ ఆమ్లం సీసా ఉండకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది.
4. రెండు నిమిషాలకు ఒక గుడ్డును మైక్రోస్కోప్ కింద చూడండి.
5. కుక్కర్లో మరిగించి చల్లార్చిన నీళ్లతో మూడుసార్లు కడగండి. బ్లీచు వాసన అస్సలు రాకూడదు.
6. దీపం పక్కనే, ఆల్కహాల్‌లో ముంచి మరిగించిన నీళ్లతో కడిగిన బ్రష్‌తో, పుష్టి తిండి ట్యూబుకు 50 గుడ్ల చొప్పున వేయండి.

నాలుగో మెట్టు దగ్గర ఆగి బాగా చూడండి. ఈగ గుడ్డు అర మిల్లీమీటరు ఉంటుంది, చిన్న బియ్యపు గింజలా. ముందు వైపు రెండు సన్నటి కొమ్ములుంటాయి, గుడ్డు తడి తిండిలో మునిగినా ఊపిరి ఆడటానికి. పొట్టు మీద తేనెపట్టు గీతలు. బ్లీచులో మొదట గీతలు చెరుగుతాయి, తర్వాత కొమ్ములు కరిగి మాయమవుతాయి. కొమ్ములు పోయి, గుడ్డు నున్నగా మెరుస్తూ నీటి మీద తేలి పక్కదానికి అతుక్కుంటుంటే పొట్టు ఊడినట్టే. ఒక్క కొమ్ము మిగిలున్నా ఇంకో అర నిమిషం. మూడు నిమిషాలు దాటినా కొమ్ములు కదలకపోతే మీ బ్లీచు పాతబడింది, ఎండకు దాని శక్తి పోతుంది. గుడ్లను అందులోనే నానబెట్టొద్దు, కొత్త సీసా తెరవండి.

పొట్టు తీసిన గుడ్డు త్వరగా ఎండిపోతుంది. ఫోన్ వచ్చిందని వదిలి వెళ్లొద్దు.

7. ఎవరికి ఏం ఇవ్వాలి

ఎక్కువమంది చేసే తప్పు: బ్లీచు పెట్టిన గుడ్లను ఒక గుంపు, పెట్టని గుడ్లను రెండో గుంపు అనుకోవడం. అప్పుడు మీరు చూసేది బ్లీచు ప్రభావమో, సూక్ష్మజీవుల ప్రభావమో తెలియదు. కాబట్టి *అన్ని* గుడ్లకూ పొట్టు తీయండి. తర్వాత సగం ట్యూబులకు సూక్ష్మజీవుల్ని తిరిగి ఇవ్వండి.

స్టాక్ నుంచి 20 ఈగల్ని ఆల్కహాల్‌లో అర నిమిషం ముంచి, మరిగించిన నీళ్లతో కడిగి, 5 మి.లీ. శుభ్రమైన నీళ్లలో నూరండి. కాసేపు నిలవనిచ్చి పై తేట తీయండి. అందులో సగాన్ని మరిగే నీళ్లలో 20 నిమిషాలు ఉంచండి.

- సజీవ చుక్క: మరిగించని తేట, 20 ట్యూబులకు రెండేసి చుక్కలు
- ఉడికిన చుక్క: మరిగించిన తేట, మిగతా 20 ట్యూబులకు రెండేసి చుక్కలు

ఉడికిన చుక్క ఎందుకంటే, చచ్చిన సూక్ష్మజీవి కూడా ఈగకు తిండే. పేద తిండి మీద కనిపించే లాభంలో కొంత అలా వచ్చేదే.

పెరుగు, ఇడ్లీ పిండి, మెడికల్ షాపు ప్రోబయోటిక్ క్యాప్సూల్ వేయొచ్చా అని అడుగుతారు. ఈగ పేగులో సాధారణంగా ఉండేవి (పాత పేర్లతో) లాక్టోబాసిల్లస్ ప్లాంటారం, లాక్టోబాసిల్లస్ బ్రెవిస్, ఎసిటోబాక్టర్ రకాలు. దాని చుట్టాలను దానికే ఇవ్వండి, మన ఇంటి చుట్టాలు దానికెందుకు?

ఈగలు బయటికొచ్చాక ఒక రోజు తేడాలో పుట్టినవాటినే తీసుకోండి. సజీవ చుక్క వైపు ఈగలు కాస్త ముందే రావొచ్చు, కంగారు పడొద్దు. రెండు రోజులు ఆడ, మగ కలిసి ఉండనివ్వండి. తర్వాత ఐసు మీద పెట్టిన, ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టిన పళ్లెంలో చల్లబరిచి ఆడవాటిని వేరు చేయండి. ఈథర్ వద్దు.

ఆడ ఈగల్నే ఎందుకంటే, వయసుతో పేగు పాడవడం వాటిలో బాగా కనిపిస్తుంది. ట్యూబుకు 20, గుంపుకు 5 ట్యూబులు:

- సజీవ, పుష్టి తిండి
- ఉడికిన, పుష్టి తిండి
- సజీవ, పేద తిండి
- ఉడికిన, పేద తిండి

పేద తిండి ఈ దశలోనే మొదలవుతుంది. లార్వాగా అన్నీ పుష్టి తిండే తిన్నాయి కాబట్టి ఒళ్లు తేడా రాదు. మొదటి రోజు ట్యూబులో ఎవరి చుక్క వారికి మళ్లీ వేయండి. ట్యూబుల మీద గుంపు పేరు రాయకుండా అంకె మాత్రమే వేసి, జాబితా ఇంకొకరి దగ్గర పెట్టండి. లెక్కపెట్టే పిల్లకు ఏది ఏదో తెలియకపోవడమే మంచిది.

8. రోజువారీ పని

సోమ, బుధ, శుక్రవారాల్లో, దీపం పక్కన, కొత్త ట్యూబులోకి మార్చండి. నాలుగు గుంపులూ అదే రోజు, అదే వరుసలో. ట్యూబు ఎంత తరచుగా మారిస్తే పేగులో సూక్ష్మజీవులు అంత తగ్గుతాయి. ఒక గుంపును శుక్రవారం మార్చి, ఇంకోదాన్ని సోమవారానికి వాయిదా వేస్తే మీరే ఒక కొత్త తేడా పుట్టించినట్టు.

ప్రతిసారీ రాయాల్సినవి:

- తేదీ, ట్యూబు అంకె
- చనిపోయినవి ఎన్ని
- తప్పించుకున్నవి, తిండిలో ఇరుక్కున్నవి, దూది కింద నలిగినవి ఎన్ని

మూడో వరుస వదిలేయకండి. నలిగిన ఈగ ముసలితనంతో పోలేదు. దాన్ని చావుల్లో కలిపితే లెక్క చెడుతుంది, మొత్తానికి మరిచిపోయినా చెడుతుంది.

9. నిజంగా శుభ్రంగానే ఉన్నాయా?

గుంపుకు ఒక ట్యూబు అదనంగా పెంచండి, దీన్ని లెక్కలో కలపొద్దు. రెండు వారాలకోసారి అందులోంచి రెండు ఈగల్ని నూరి, ఎంఆర్ఎస్ అగర్ (లాక్టోబాసిల్లస్ లాంటివి బాగా మొలిచే అగర్) మీద, న్యూట్రియంట్ అగర్ మీద గీసి, 30 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచండి. ఉడికిన వైపు ఏమీ మొలవకూడదు. సజీవ వైపు మొలవాలి. ఇది కూడా చూడాలి, అక్కడ ఏమీ లేకపోతే మీ సజీవ చుక్క సజీవం కాదు.

వోల్బాకియా అనే బాక్టీరియా ఈగ కణాల లోపలే ఉండి గుడ్డు గుండా తరతరాలకు దిగుతుంది. బ్లీచు దాన్ని ఏమీ చేయదు, ఈ పళ్లేల మీద మొలవదు కూడా. అందుకే రిపోర్టులో "బాక్టీరియా అస్సలు లేని ఈగలు" అని రాయకండి, "పేగు సూక్ష్మజీవులు లేని ఈగలు" అనండి.

10. పేగు కారుతోందా? నీలిరంగు పరీక్ష

ఓపిక ఉంటేనే. 30వ రోజు, 45వ రోజు అదనపు ట్యూబు ఈగలకు బ్రిలియంట్ బ్లూ తిండి రంగు 2.5 శాతం కలిపిన తిండి ఒక రాత్రి పెట్టండి. పేగు గట్టిగా ఉంటే నీలం పొట్టలోనే గీతలా కనిపిస్తుంది. గోడ దెబ్బతింటే ఒళ్లంతా నీలమవుతుంది, అలాంటి ఈగ ఎక్కువ రోజులు బతకదు. కిరాణా పొట్లంలో ఉప్పు కలిపి ఉండొచ్చు, లేబుల్ చూసి కొనండి.

11. తేడా కొట్టినప్పుడు

*మొదటి వారంలోనే కుప్పలుగా చస్తున్నాయి.* ముసలితనం కాదు. తిండి మీద తడి చేరి రెక్కలు అతుక్కుంటున్నాయేమో చూడండి. ట్యూబుల్ని ముందు రోజే చల్లార్చి, లోపలి చెమ్మ ఆరాక వాడండి.

*ఉడికిన వైపు తిండి మీద తెల్లటి జిగట.* బయటివి దూరాయి. ఆ ట్యూబు ఈగల్ని ఆ రోజు నుంచి లెక్కలోంచి మినహాయించండి, తేదీ రాయండి. దాచొద్దు.

*సజీవ, పేద తిండి ట్యూబుల్లో లార్వాలు తిండిని బురద చేస్తున్నాయి.* మార్చడం ఆలస్యమైంది.

*ఒక్క ట్యూబులోనే అన్నీ పోయాయి.* ఆ ట్యూబు పెట్టెలో ఎక్కడుందో చూడండి. బల్బు పక్కనైతే జవాబు దొరికినట్టే. వారానికోసారి చోట్లు మార్చండి.

12. లెక్క

సగటు ఒక్కటే తీసి ఆపకండి. రోజుకు ఎన్ని శాతం మిగిలాయో గీసే కాప్లాన్-మేయర్ వక్రరేఖ వేయండి. సగం ఈగలు పోయిన రోజు ఏదో గుంపువారీగా రాయండి. తేడా నిజమో కాదో లాగ్-ర్యాంక్ పరీక్ష చెబుతుంది. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇవన్నీ ఉన్నాయి. తప్పించుకున్నవాటిని, మినహాయించినవాటిని అందులో "సెన్సార్డ్" (అంతవరకు బతికుంది, ఆ తర్వాత సంగతి తెలియదు) అని గుర్తు పెట్టాలి.

పుష్టి తిండి మీద సజీవ వైపు ముందు పోయి, పేద తిండి మీద ఉడికిన వైపు ముందు పోతే వక్రరేఖలు రెండు తిండ్ల మీదా తలకిందులుగా కనిపిస్తాయి. అలా రాకపోయినా ప్రయోగం చెడినట్టు కాదు, తొమ్మిదో మెట్టు పళ్లేలు సరిగ్గా ఉంటే వచ్చిందే రాయండి. అలాగని మీ ఈగల ఫలితాన్ని తేనెటీగలకు అంటగట్టకండి. టెట్రాసైక్లిన్ ఇచ్చి పేగు సూక్ష్మజీవుల్ని దెబ్బతీసిన తేనెటీగలు తక్కువ కాలం బతికాయని 2017లో చూపించారు.

చివరి ఈగ పోయే దాకా ఆపొద్దు. జనవరి చివర్లో ట్యూబులో ఒక్కటే మిగిలి, గోడెక్కలేక తిండి మీదే నడుస్తుంటే పిల్లలకు విసుగొస్తుంది, "ఇది కూడా పోయినట్టే కదా సార్" అంటారు. కదిలినంతసేపు బతికున్నట్టే రాయండి. అది పోయాక వాడిన ట్యూబులన్నీ కుక్కర్లో అరగంట ఉడికించి, మిగిలిన స్టాక్ ఈగల్ని ఒక రాత్రి ఫ్రీజర్లో పెట్టి పారేయండి. కిటికీలోంచి మాత్రం వదలకండి. మైసూరు నుంచి తెచ్చినవైతే మరీను.